ఇంటి ప్లాన్‌కి ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్? అది ఎవరు చదవాలో ముందు తేల్చుకోండి

ఇంటి ప్లాన్ గీయడానికి ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏదని అడిగితే పది పేర్లు చెప్పొచ్చు, కానీ ఆ పదీ ఒకే పని చేసేవి కావు. ఒకటి గోడని గోడగా గుర్తుపడుతుంది, ఇంకొకటి దాన్నే ఉత్త గీతగా చూస్తుంది, మరొకటి హాయిగా గీయనిస్తుంది గానీ గీసినదాన్ని బయటికి తీసుకెళ్లనివ్వదు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నూటయాభై రెండొందల గజాలు కొనుక్కుని ఇల్లు మొదలుపెట్టేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. యూట్యూబ్‌లో ఎవరో తళతళలాడే 3డి ఇల్లు చూపించారని అదే దించుకుని, వారాల తరబడి సోఫా రంగులు మార్చుకుంటూ కూర్చుని, తీరా మేస్త్రీ వచ్చి "సార్, హాలు లోకొలత ఎంత?" అంటే నీళ్లు నమలడం.

ప్లాన్‌ని చదివేవాళ్లు ముగ్గురు. ఇంట్లోవాళ్లు చదవాలి, పని చేసే మేస్త్రీ చదవాలి, అనుమతి ఇచ్చే ఆఫీసు చదవాలి. ఈ ముగ్గురికీ ఒకే డ్రాయింగ్ పనికిరాదు, మీరు మూడూ గీయనక్కర్లేదు కూడా.

ముందు ఆఫీసు సంగతి చూద్దాం, ఎందుకంటే దీని టెన్షన్‌తోనే చాలామంది అక్కర్లేని ఆటోక్యాడ్ (ఇంజనీర్లు వాడే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడానికి బయల్దేరతారు. మన రాష్ట్రంలో భవన అనుమతులు ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు, 2017 మార్చిలో జీవో 119 కింద వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ (తర్వాత వచ్చిన సవరణలతో కలిపి) వాటికి ఆధారం. అక్కడ అప్‌లోడ్ చేసే డ్రాయింగ్‌లో స్థలం హద్దు ఒక లేయర్‌లో (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లో ఒకటి అనుకోండి), గోడలు ఒక లేయర్‌లో, రోడ్డు ఒక లేయర్‌లో, ఇలా వాళ్లు చెప్పిన పద్ధతిలోనే ఉండాలి. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలారా లేదా అన్నది కంప్యూటరే కొలిచి చూస్తుంది కాబట్టి లేయర్ తప్పితే మీ ఇల్లెంత బాగున్నా వెనక్కి వస్తుంది. ఈ పని లైసెన్స్ ఉన్న ఇంజనీరో ప్లానరో చేస్తారు, వాళ్లకి ఫీజు ఎలాగూ ఇస్తారు. విజయవాడ కార్పొరేషన్ అయినా, గుంటూరు కార్పొరేషన్ అయినా, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలోని ఊరైనా ఇంటి యజమానిగా మీ పని ఆ ఇంజనీరుకి అర్థమయ్యేలా, కొలతలతో సహా, మీకేం కావాలో చెప్పడమే. ఆఫీసుకిచ్చే డిడబ్ల్యూజి (ఆటోక్యాడ్) ఫైలు తయారుచేయడం ఆయన పని.

దీంతో సగం బరువు దిగిపోయింది. మిగిలింది ఇంట్లోవాళ్లూ మేస్త్రీ.

సాఫ్ట్‌వేర్ల పేర్లలోకి వెళ్లే ముందు ఫ్రీ అన్న మాట వెనకాల ఏముందో చూడాలి. కొన్ని నిజంగానే ఓపెన్ సోర్స్, అంటే కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చేసినవి: స్వీట్ హోమ్ 3డి, లిబ్రెక్యాడ్, ఫ్రీక్యాడ్, బ్లెండర్ ఈ కోవలోవి. ఇవాళ దించుకున్నది పదేళ్ల తర్వాత కూడా మీ లాప్‌టాప్‌లో పనిచేస్తుంది, డబ్బు తీసుకుని ఎవరికైనా ప్లాన్ గీసిచ్చినా ఎవరూ అడగరు. కొన్ని కంపెనీ దయ మీద ఫ్రీ. డ్రాఫ్ట్‌సైట్ అని ఒకటుండేది, డిడబ్ల్యూజి ఫైళ్లు తెరిచి రాసే మంచి 2డి ప్రోగ్రామ్, ఏళ్ల తరబడి జనం ఉచితంగా వాడుకున్నారు. 2019 డిసెంబర్ 31 తర్వాత ఆ ఉచిత వెర్షన్ తెరుచుకోకుండా ఆపేశారు. 3డి బొమ్మలు గీసే స్కెచప్ కథ కూడా దాదాపు ఇంతే. గూగుల్ చేతుల్లో ఉన్నప్పుడు ఫ్రీగా ఊరూరా పాకింది, 2012లో ట్రింబుల్ కొనుక్కుంది, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఉచిత వెర్షన్ 2017తో ఆగిపోయింది, ఇప్పుడు ఫ్రీ అంటే బ్రౌజర్‌లో, అదీ సొంత వాడకానికే. ఇక విద్యార్థులకిచ్చే ఆటోక్యాడ్ ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఏడాదికోసారి రెన్యూ చేసుకునేలా ఉచితంగా ఇస్తారు, చదువుకోవడానికి బంగారం లాంటిది. బాబాయి గారి ఇంటికి ప్లాన్ గీసి ఐదువేలు పుచ్చుకుంటే మాత్రం అది ఆ లైసెన్స్ ఒప్పుకునే పని కాదు. క్రాక్ కాపీల గురించి ఎక్కువ మాట్లాడను. పెన్‌డ్రైవ్‌లో వచ్చేది ఆటోక్యాడ్ ఒక్కటే అని హామీ ఏమీ లేదు.

ఇంకో రకం, వెబ్‌సైట్లూ ఫోన్ యాప్‌లూ. ఫ్లోర్‌ప్లానర్, ప్లానర్ 5డి, రూమ్‌స్కెచర్ లాంటివి. వీటిలో మొదలుపెట్టడం చాలా తేలిక, వేలితో లాగితే గది వచ్చేస్తుంది. అయితే ఇవి డబ్బు అడిగేది సాధారణంగా లోపలికి వచ్చేటప్పుడు కాదు, బయటికి వెళ్లేటప్పుడు. మంచి క్వాలిటీ ప్రింటు కావాలన్నా, కొన్ని వస్తువులు వాడాలన్నా, మరిన్ని ప్రాజెక్టులు కావాలన్నా చందా కట్టమంటాయి. ఏ ఉచిత పరిమితి ఎప్పుడు మారుతుందో కూడా చెప్పలేం. అందుకని ఇలాంటిది ఏది వాడినా ఇల్లంతా గీశాక కాకుండా, నాలుగు గోడల గది ఒక్కటి గీసి, దాన్ని కొలతలతో పీడీఎఫ్‌గా బయటికి తీసి చూడండి. తీయనివ్వకపోతే అక్కడితో దండం పెట్టేయండి.

ఇంట్లో నలుగురూ కూర్చుని చూసి మాట్లాడుకోవడానికీ, మేస్త్రీకీ ఇంజనీరుకీ కొలతలతో చేతికివ్వడానికీ నా ఓటు స్వీట్ హోమ్ 3డికే. ఒక ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టి దాదాపు ఇరవై ఏళ్లుగా నడుపుతున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో నడుస్తుంది, కొంచెం పాత లాప్‌టాప్‌ అయినా ఫరవాలేదు, నెట్ అక్కర్లేదు. పైన ప్లాన్, కింద 3డి బొమ్మ, ఇక్కడ గోడ జరిపితే అక్కడ జరుగుతుంది. చూడ్డానికి మాత్రం పాతకాలం వాసన కొడుతుంది, అది నిజం, అందంలో వెబ్ యాప్‌ల ముందు తేలిపోతుంది. కానీ ఇందులో గోడ అంటే మందం, ఎత్తు ఉన్న గోడ. తలుపు తీసుకెళ్లి గోడ మీద వదిలితే దానంతటదే గోడకి అతుక్కుంటుంది.

దించుకున్న వెంటనే ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి యూనిట్‌ని అడుగులు అంగుళాల్లోకి మార్చండి. అక్కడే కొత్త గోడ మందం, ఎత్తు కూడా ఉంటాయి, అవి మన ఇళ్లకి సరిపోయేవి కావు. మనకి బయటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపల అడ్డుగోడ నాలుగున్నర, ఎత్తు పది పదిన్నర అడుగులు. ఈ మూడూ ముందే పెట్టుకోకపోతే గదులన్నీ ఉన్నదానికంటే పెద్దగా కనిపించి మురిపిస్తాయి.

ఆ తర్వాత గదులు కాదు, స్థలం గీయాలి. కాగితంలో నూటయాభై గజాలు అని ఉంటే 1,350 చదరపు అడుగులు, అంటే 30 బై 45 అనుకుంటాం. మూడు సెంట్లని చెబితే అది 145 గజాల పైచిలుకే, ఎందుకంటే సెంటంటే 48.4 గజాలు. అసలు స్థలం మీద టేపు పట్టుకుంటే నాలుగు పక్కలూ నాలుగు రకాలుగా ఉండొచ్చు. నాలుగు వైపులతో పాటు ఒక కర్ణం కూడా, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి, కొలవండి. 30 బై 45 చక్కగా ఉంటే అది 54 అడుగుల 1 అంగుళం రావాలి. 53 వచ్చిందంటే స్థలం ఒక పక్కకి వాలి ఉందన్నమాట, మీరు కంప్యూటర్‌లో గీసిన చక్కటి దీర్ఘచతురస్రం అక్కడ కూర్చోదు.

స్వీట్ హోమ్‌లో గోడ గీస్తున్నప్పుడు మౌస్‌తో లాగి కొలత సరిపెట్టడానికి తంటాలు పడతారు కొందరు. గీత మొదలుపెట్టి ఎంటర్ నొక్కితే పొడవు టైపు చేయడానికి చోటు వస్తుంది, అక్కడ కొట్టేయండి. కొడుతున్న ఆ పొడవు గోడ మధ్యగీత మీది పొడవు. మేస్త్రీ అడిగేది లోకొలత. రెండు తొమ్మిదంగుళాల గోడల మధ్యగీతల దూరం పది అడుగులైతే లోపల మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలే, పైగా ఇటుక మీద ప్లాస్టరింగ్ రెండు వైపులా కలిపి మరో అంగుళం తినేస్తుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిదతో చేసిన ఫ్లై యాష్ ఇటుక వాడినా, ఎర్ర ఇటుక వాడినా ఈ లెక్క మారదు. ఆరున్నర అడుగుల మంచం, రెండడుగుల బీరువా ఎదురెదురుగా వేస్తే ఆ తొమ్మిది అడుగుల చిల్లరలో నడవడానికి ఎంత మిగులుతుందో చూడండి, అడుగు కూడా మిగలదు. గోడలన్నీ మూసుకున్నాక గది లోపల రూమ్ టూల్‌తో డబుల్ క్లిక్ చేస్తే గోడల లోపలి భాగాన్నే తీసుకుని చదరపు అడుగులు చూపిస్తుంది. మీరు నమ్మాల్సింది ఆ అంకెని, ఊహలో ఉన్న పది బై పన్నెండుని కాదు.

సిద్ధాంతి గారు ఆయం లెక్కగట్టి కొలతలు ఇచ్చి ఉంటే, అవి లోకొలతలా బయటి కొలతలా అన్నది గీయకముందే అడగాలి. ఈ ఒక్క మాట అడక్కపోవడం వల్ల మొత్తం ప్లాన్ తొమ్మిదేసి అంగుళాలు అటూ ఇటూ జరపాల్సి వస్తుంది, ఒక గది జరిగితే పక్క గది ఊరుకోదు కదా.

మెట్ల దగ్గర మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌నీ గుడ్డిగా నమ్మకండి, స్వీట్ హోమ్‌నైతే అసలు నమ్మకండి. అందులో మెట్లు కూడా కుర్చీ, బల్ల లాంటి ఒక వస్తువే. నాలుగడుగుల సందులోకి నొక్కితే నొక్కుకుపోతాయి, అభ్యంతరం చెప్పవు, 3డిలో ముద్దుగా కనిపిస్తాయి, ఎక్కడానికి మాత్రం నిచ్చెనే. లెక్క చేతితో వేసుకోవాలి. కింది నేల నుంచి పై స్లాబ్ నేల దాకా పదిన్నర అడుగులంటే 126 అంగుళాలు, మెట్టు ఎత్తు ఏడు అంగుళాలైతే 18 ఎత్తులు. మధ్యలో ల్యాండింగ్ పెట్టి రెండు వరసలు చేస్తే వరసకి తొమ్మిది ఎత్తులు, అంటే కాలు పెట్టే పలకలు ఎనిమిది. పలక పది అంగుళాలైతే 80 అంగుళాలు, 6 అడుగుల 8 అంగుళాలు, దానికి ల్యాండింగ్ మూడడుగులు కలిపితే 9 అడుగుల 8 అంగుళాలు. వెడల్పు మూడు మూడు ఆరు, మధ్యన కాస్త సందు. అంటే మెట్లకి లోకొలత పది బై ఆరున్నర వదలాలి. 30 బై 45 స్థలంలో సెట్‌బ్యాక్‌లు పోగా మిగిలినదాంట్లో ఇది చిన్న ముక్క కాదు. ముందు దీన్ని పెట్టి తర్వాత గదులు అమర్చుకున్నవాళ్లకి ప్లాన్ తొందరగా కుదురుతుంది. గదులన్నీ అయ్యాక మెట్లకి చోటు వెతుక్కునేవాళ్లు చివరికి వాటిని బయట ఇనుపవి పెట్టుకోవడం చూస్తూనే ఉన్నాం.

దిక్కుల దగ్గర ఈ ప్రోగ్రామ్‌లో చాలామంది గమనించని సౌకర్యం ఒకటుంది. ప్లాన్ మీద కంపాస్ గుర్తుంటుంది, దాన్ని తిప్పి మీ స్థలం ఉత్తరాన్ని సరిగ్గా పెట్టొచ్చు, లేఅవుట్ రోడ్డు పది పదిహేను డిగ్రీలు తిరిగి ఉంటే ఆ తిరుగుడు కూడా కనిపించేలా. (ఫోన్ కంపాస్‌తో చూసేటప్పుడు ఇనుప ఊచల గుట్టకీ, బండికీ దూరంగా నిలబడండి.) అక్కడే అక్షాంశం 16.5, రేఖాంశం 80.6 అని ఇస్తే విజయవాడ అవుతుంది. ఆ తర్వాత ఫోటో తీసే ఆప్షన్‌లో ఎక్కువ క్వాలిటీ ఎంచుకుని మే నెల సాయంత్రం నాలుగు గంటలు అని పెడితే ఎండ ఏ కిటికీలోంచి ఏ గదిలో పడుతుందో చూపిస్తుంది. మన ఎండలకి ఇది వట్టి వినోదం కాదు. మే చివర, జూన్‌లో సూర్యుడు అస్తమించేది సరిగ్గా పడమర కాదు, దాదాపు పాతిక డిగ్రీలు ఉత్తరం వైపుకి జరిగి, అంటే వాయవ్యం గది గోడ కూడా సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. పిల్లల గది అక్కడ పెట్టాలనుకుంటే కిటికీ మీద సజ్జ ఎంత ముందుకి రావాలో ఈ బొమ్మల్లో మార్చి మార్చి చూసుకోవచ్చు.

ఎవరో ఇచ్చిన ప్లాన్ ఫోటో ఉంటే మళ్లీ మొదటినుంచి గీయక్కర్లేదు, దాన్ని వెనకాల బొమ్మగా పెట్టుకుని పైన గోడలు గీసుకోవచ్చు. బొమ్మలో తెలిసిన కొలత ఒకటి చూపించమంటుంది. అందరూ తలుపు మూడడుగులని దాన్ని చూపిస్తారు. క్లిక్ చేయడంలో ఒక అంగుళం అటూ ఇటూ అయితే మూడడుగుల మీద ఒక అంగుళం, నలభై ఐదు అడుగుల మీద పదిహేను అంగుళాలు తేడా. స్థలం పొడవునే చూపించండి. ఫోటో కూడా పక్కనుంచి వాల్చి తీసింది కాకుండా స్కాన్ చేసింది అయితే మేలు.

మరి లిబ్రెక్యాడ్ ఎవరికి? ఇది 2డి, క్యూక్యాడ్ అనే ఇంకో ప్రోగ్రామ్ పాత కమ్యూనిటీ (ఉచిత) వెర్షన్ నుంచి చీలి వచ్చింది. ఇందులో గోడంటే రెండు గీతలే, తలుపు పెట్టాలంటే గీత తెంచి పెట్టాలి. ఇంటి యజమానికి ఇది నేర్చుకోవడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. కానీ డ్రాఫ్టింగ్ పని నేర్చుకుని నాలుగు రూపాయలు సంపాదించాలనుకునే డిప్లొమా కుర్రాళ్లకి మంచి దారి: లేయర్లు, డైమెన్షన్లు, సమాంతర గీతలు, ట్రిమ్, ఆటోక్యాడ్‌లో అవసరమయ్యే అలవాట్లన్నీ ఇక్కడ వస్తాయి. దీని చిక్కల్లా ఫైలు దగ్గరే. ఇది డిఎక్స్‌ఎఫ్‌లో దాస్తుంది. డిడబ్ల్యూజిని కొంతవరకు తెరవగలదు గానీ రాయలేదు. డిడబ్ల్యూజి ఆటోక్యాడ్ సొంత ఫైలు, దాని లోపలి అమరికని ఆటోక్యాడ్ కంపెనీ ఆటోడెస్క్ బయటపెట్టలేదు. డిఎక్స్‌ఎఫ్ పక్కవాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడానికని వాళ్లే వివరాలతో సహా ఇచ్చారు. ఇంజనీరు డిడబ్ల్యూజి పంపితే ఓడీఏ ఫైల్ కన్వర్టర్ అని ఉచితంగా దొరుకుతుంది, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మార్చేస్తుంది. మార్చాక ఒక తెలిసిన కొలతని మళ్లీ కొలిచి చూడండి, అంగుళాలు మిల్లీమీటర్లయిపోవడం మామూలే.

క్యూక్యాడ్ కూడా బాగుంటుంది, అయితే దించుకున్నప్పుడు ప్రో వెర్షన్ ట్రయల్ కలిసి వస్తుంది, దాన్ని తీసేస్తేనే ఉచిత వెర్షన్ మిగులుతుంది, డిడబ్ల్యూజి సదుపాయం దానితోపాటే పోతుంది. ఫ్రీక్యాడ్ 2024 నవంబర్‌లో 1.0కి చేరింది, భవనాల కోసం బిమ్ విభాగం అందులోనే ఉంది, చాలా శక్తి ఉన్నది, సివిల్ విద్యార్థికి ఓపిక ఉంటే పెట్టిన సమయం వృథా పోదు, ఒక్క ఇంటి కోసమైతే వద్దు. స్కెచప్ ఫ్రీ ఇంటి ముందు వైపు రూపం (ఎలివేషన్) చూసుకోవడానికి హాయిగా ఉంటుంది, పిట్టగోడ డిజైను, పోర్టికో పైకప్పు లాంటివి. ప్లాన్ దాంట్లో మొదలుపెట్టకండి, ఉచిత వెర్షన్ నుంచి డిడబ్ల్యూజి బయటికి రాదు.

ఈ మధ్య ఏఐని అడిగితే తూర్పు ముఖం రెండు బెడ్‌రూముల ప్లాన్ బొమ్మ క్షణంలో ఇస్తోంది. ఆలోచనలకి వాడుకోండి. ఆ బొమ్మలో రాసున్న గది కొలతలన్నీ ఓసారి కూడి చూస్తే, బయటి కొలతతో కలవనివి ఎన్నో ఉంటాయి.

ప్రింటు విషయం చిన్నదే, కానీ పని చెడిపోయేది ఇక్కడే. 30 బై 45 స్థలాన్ని 1:50లో, అంటే అసలులో యాభయ్యో వంతు సైజులో, ప్రింటు తీస్తే సుమారు 18 బై 27 సెంటీమీటర్లు వస్తుంది, కొలతల గీతలు కూడా పట్టాలంటే ఏ4 ఇరుకు, ఏ3 తీయించుకోండి. స్వీట్ హోమ్ పేజ్ సెటప్‌లో స్కేలు ఎంత కావాలో చెప్పొచ్చు. జిరాక్స్ షాపు అబ్బాయి అలవాటుగా "ఫిట్ టు పేజ్" కొడతాడు, ఆ ఒక్క నొక్కుతో స్కేలు పోతుంది, నూటికి నూరు శాతం సైజులో తీయమని చెప్పి, వచ్చాక ఒక గోడ మీద స్కేలు పెట్టి చూసుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పీడీఎఫ్ పంపండి, ఫోటో అయితే అంకెలు అలుక్కుపోయి 9 కాస్తా 8 అవుతుంది. స్కేలున్నా సరే, ప్రతి గదికీ లోకొలత అంకెల్లో రాసి ఉండాలి, ముగ్గు పోసేటప్పుడు కాగితం మీద స్కేలు పెట్టి కొలిచే మేస్త్రీ ఎవరూ ఉండరు.

ఇవేవీ పిల్లర్లు ఎక్కడ రావాలో చెప్పవు. పై అంతస్తులో గోడ జరిపితే కింద బీమ్ ఉందా లేదా అని స్వీట్ హోమ్ అడగదు, మన నల్లరేగడి నేలలో పునాది ఎంత లోతు వెళ్లాలో అసలే తెలియదు. మీ ప్లాన్ ఇంట్లో అందరికీ నచ్చాక, ముగ్గు కంటే ముందే, స్ట్రక్చరల్ ఇంజనీరు చేతిలో పెట్టాలి. పిల్లర్ల కోసం ఆయన గోడల్ని అరడుగు అటూ ఇటూ జరపమంటే, ఆ మార్పు మీరే ఫైల్లో చేసి మంచం పడుతుందో లేదో మళ్లీ చూసుకోవచ్చు.

లాప్‌టాప్ లేదు, ఫోనే ఉందంటారా? చిన్న తెర మీద వేలితో అంగుళాలు సరిపెట్టడం విసుగు పుట్టే పని. స్టేషనరీ షాపులో ఏ4 గ్రాఫ్ కాగితాలు కొనుక్కోండి, సెంటీమీటరుకి రెండడుగులు అనుకుంటే 30 బై 45 స్థలం 15 బై 22.5 సెంటీమీటర్లలో హాయిగా పడుతుంది. మంచం, బీరువా, సోఫా, ఫ్రిజ్ అదే లెక్కన అట్టముక్కలు కత్తిరించి గదుల్లో జరిపి చూసుకోండి. కుదిరాక ఆ కాగితాన్ని స్కాన్ చేయించి, లాప్‌టాప్ ఉన్న మేనల్లుడికో పక్కింటి అమ్మాయికో ఇస్తే స్వీట్ హోమ్‌లో వెనకాల పెట్టి ఒక ఆదివారంలో గీసిచ్చేస్తారు.